వార్డులో స్మార్ట్ మానిటర్: అలారం మోగితే ఎవరు వస్తారు?

ఆపరేషన్ అయిన రెండో రోజు రోగిని ఐసీయూ నుంచి సాధారణ వార్డుకు మార్చారనుకోండి. రాత్రి పది గంటలకు నర్సు వచ్చి బీపీ, నాడి, జ్వరం చూసి కేస్ షీట్‌లో రాసి వెళ్లారు. మళ్లీ చూసేది తెల్లవారుజామునే. ఈ మధ్యలో రోగి శ్వాస వేగం కొద్దికొద్దిగా పెరుగుతుంటే ఎవరికి తెలుస్తుంది?

ఈ ఖాళీని పూడ్చడానికే ఆసుపత్రులు నెట్‌వర్క్‌కు అనుసంధానమైన పరికరాలను వార్డుల్లోకి తెస్తున్నాయి. వీటితో మేలు ఉంది. కానీ ఆ మేలు పరికరం ఒక్కదానితో రాదు.

ఈ పరికరాలు ఏం చేస్తాయి?

వేలికి పెట్టే క్లిప్ (పల్స్ ఆక్సీమీటర్) రెండు రకాల కాంతిని వేలి గుండా పంపి, రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని, నాడి వేగాన్ని లెక్కిస్తుంది. ఛాతీకి అంటించే ప్యాచ్ గుండె లయను, శ్వాసను గమనిస్తుంది. కొన్ని చోట్ల పరుపు కింద సెన్సర్ షీట్ ఉంచుతారు. గుండె కొట్టుకున్నప్పుడు, ఊపిరి పీల్చినప్పుడు శరీరంలో కలిగే సన్నని కదలికలను అది పసిగడుతుంది. రోగి ఒంటికి ఏదీ తగిలించాల్సిన పని ఉండదు.

ఈ సమాచారం వైఫై ద్వారా ఆసుపత్రి సర్వర్‌కు, అక్కడి నుంచి నర్సింగ్ స్టేషన్‌లోని తెరకు చేరుతుంది. అంకెలు హద్దు దాటితే తెర మీద, కొన్నిచోట్ల సిబ్బంది ఫోన్లకు కూడా హెచ్చరిక వస్తుంది.

ప్రమాదాన్ని ముందే ఎలా పట్టుకుంటాయి?

చాలామంది రోగుల పరిస్థితి ఒక్కసారిగా దిగజారదు. కొన్ని గంటల ముందు నుంచే సంకేతాలు కనిపిస్తాయి. వాటిని కలిపి చూడటానికి బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఒక స్కోరు పద్ధతిని తెచ్చి, 2017లో సవరించింది. దాని పేరు న్యూస్-2. శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, బీపీ, నాడి, స్పృహ, ఉష్ణోగ్రతలకు ఇందులో మార్కులు వేస్తారు. ఆక్సిజన్ పెట్టి ఉంటే అదనపు మార్కులు కలుస్తాయి.

ఉదాహరణకు ఆక్సిజన్ పెట్టని ఒక పెద్దవయసు రోగిని చూద్దాం:

• శ్వాస నిమిషానికి 24 సార్లు: 2 మార్కులు
• ఆక్సిజన్ 94 శాతం: 1 మార్కు
• నాడి నిమిషానికి 112: 2 మార్కులు
• బీపీ, ఉష్ణోగ్రత, స్పృహ మామూలుగానే ఉన్నాయి: 0

విడివిడిగా చూస్తే ఇవి మరీ భయపెట్టే అంకెలు కావు. కలిపితే మొత్తం 5. అంటే డాక్టర్ త్వరగా వచ్చి చూడాలి, కనీసం గంటకోసారి పరీక్షించాలి. 7 లేదా అంతకు మించితే అత్యవసర స్పందన కావాలి. పిల్లలకు, గర్భిణులకు ఈ స్కోరు వర్తించదు.

మరి అలారం మోగితే చాలా?

చాలదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. రోగి పక్కకు తిరిగినా, క్లిప్ జారినా అలారం మోగుతుంది. రోజంతా ఇలాగే మోగుతుంటే సిబ్బంది చెవులు దానికి అలవాటు పడిపోతాయి. మానిటర్ అలారాల్లో 85 నుంచి 99 శాతం వరకు చికిత్సాపరంగా ఏమీ చేయాల్సిన అవసరం లేనివేనన్న అంచనాను ప్రస్తావిస్తూ, అమెరికాలో ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాయింట్ కమిషన్ 2013లోనే హెచ్చరిక జారీ చేసింది.

కాబట్టి అలారం ఎవరికి వెళ్లాలి, వారు అందుబాటులో లేకపోతే తర్వాత ఎవరికి వెళ్లాలి అన్నది ముందే తేలి ఉండాలి. రాత్రి డ్యూటీలో చాలినంత మంది నర్సులు లేని వార్డులో ఎంత ఖరీదైన సెన్సర్ పెట్టినా ఫలితం అంతంతమాత్రమే.

మన దగ్గర ఇలాంటి ఏర్పాటు ఉందా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో గుండెపోటు రోగుల కోసం అమలవుతున్న ‘స్టెమీ’ కార్యక్రమం దీనికి మంచి ఉదాహరణ. చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీ పెద్ద ఆసుపత్రిలోని గుండె వైద్య నిపుణుల బృందానికి వెళ్తుంది. వారు గుండెపోటని నిర్ధారించి చెబితే, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను అక్కడే ఉచితంగా ఇస్తారు. ఆ తర్వాత రోగిని పెద్ద ఆసుపత్రికి తరలిస్తారు. ఇక్కడ యంత్రంతో పాటు ఈసీజీ చూసే డాక్టర్, సిద్ధంగా ఉన్న మందు, అంబులెన్స్ ఒకే గొలుసులో ఉన్నాయి.

అంకెలు తప్పవచ్చా?

తప్పవచ్చు. వేళ్లు చల్లబడినా, గోళ్ల రంగు ఉన్నా, చెయ్యి కదులుతున్నా ఆక్సీమీటర్ తప్పు చూపవచ్చు. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలోనూ దీని కచ్చితత్వం తగ్గవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది. చేతికి పెట్టుకునే స్మార్ట్‌వాచ్‌ను ఆసుపత్రి మానిటర్‌కు ప్రత్యామ్నాయంగా భావించకూడదు.

నెట్‌వర్క్ ఆగిపోతే?

బెడ్ పక్కన తెర ఉన్న మానిటర్ సాధారణంగా పనిచేస్తూనే ఉంటుంది. నర్సింగ్ స్టేషన్‌కు మాత్రం సమాచారం అందదు. 2022 నవంబరులో సైబర్ దాడి జరిగినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్‌లో చాలా రోజుల పాటు పనులు కాగితాల మీదే నడిచాయి. అందుకే పాత పద్ధతిలో చూసి రాసుకునే అలవాటును ఏ ఆసుపత్రీ వదులుకోకూడదు. ఇక రోగి సమాచారం విషయానికొస్తే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పరిధిలోకి అదీ వస్తుంది.

వార్డులో చేరినప్పుడు ఏం అడగాలి?

• ఈ మానిటర్ నర్సింగ్ స్టేషన్‌కు కలిసి ఉందా, ఇక్కడే మోగుతుందా?
• రాత్రి పూట అలారం చూసేది ఎవరు? డ్యూటీ డాక్టర్ ఎంతసేపట్లో వస్తారు?
• మానిటర్ ఉన్నా నర్సు ఎన్ని గంటలకోసారి స్వయంగా వచ్చి చూస్తారు?
• కరెంటు, నెట్ పోతే ఏం చేస్తారు?
• మానిటర్‌కు విడిగా చార్జీ ఉందా? రోగి సమాచారం ఎవరికి అందుతుంది?

అలారం విసిగిస్తోందని మీరే శబ్దం ఆపేయకండి, క్లిప్ తీసేయకండి. నర్సును పిలవండి. రోగి ఆయాసపడుతున్నా, మాట తడబడుతున్నా, మునుపటిలా స్పందించకపోయినా తెర మీద అంకెలు బాగున్నాయి కదా అని ఆగకండి. వెంటనే నర్సుకు చెప్పండి.