మందలు నిలబెట్టిన దారి

స్కాట్లాండ్‌లో ఆంగస్ లోయలకూ డీ నదికీ అడ్డంగా పరుచుకున్న కొండల వరుసను మౌంత్ అంటారు. మైళ్ల కొద్దీ హెదర్ పొదలు. ఆగస్టు వచ్చేసరికి కొండలన్నీ ఊదారంగుకు తిరుగుతాయి. ఊళ్లు లోయల్లోనే తప్ప పైన లేవు. అయినా ఆ ఎత్తుల మీదుగా ఎన్నో కనుమ దారులు శతాబ్దాలుగా ఉన్నాయి. 1296లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ సైన్యం ఈ కొండలు దాటింది.

సైన్యాలు ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేవి. దారిని ఏటేటా తొక్కి నిలిపినవాళ్లు మందలు తోలేవాళ్లు. స్కాట్లాండ్ ఎత్తుప్రాంతాలైన హైలాండ్స్ నుంచి పశువులు ముందు క్రీఫ్ సంతకు, తర్వాతి కాలంలో ఫాల్కర్క్ సంతకు నడిచే వెళ్లేవి. రోజుకు 10, 12 మైళ్లకు మించి తోలితే చిక్కిపోయి ధర పలకవు. అందుకే ఆ పుంతలు మేతనూ నీటినీ రాత్రి మజిలీనీ చూసుకుంటూ సాగాయి. దొంగసారా మోసేవాళ్లకూ అవే దారులు.

రైళ్లు వచ్చాక మందల నడక తగ్గింది. అదే సమయంలో సంపన్నులకు జింకల వేట, గ్రౌస్ పక్షుల వేట మోజయ్యాయి. 1852లో రాజకుటుంబం డీ నది ఒడ్డున బాల్మొరల్ ఎస్టేటు కొన్నాక ఆ మోజు ఇంకా పెరిగింది. ఈనాటి ఊదా కొండలు అనాదిగా ఇలాగే ఉన్నాయనుకోవడం పొరపాటు. అడవులు పోయిన నేలలో గ్రౌస్ పక్షులకు లేతచిగురు కావాలని హెదర్‌ను వంతులవారీగా కాలుస్తూ వచ్చారు. వేటకు నిశ్శబ్దం కావాలి కనుక బాటసారులు అడ్డయ్యారు. 1847లో గ్లెన్ టిల్ట్ లోయలో అథోల్ డ్యూక్ స్వయంగా నిలబడి, వృక్షశాస్త్ర ఆచార్యుడు జాన్ హటన్ బాల్ఫర్‌నూ ఆయన విద్యార్థులనూ అడ్డగించాడు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనది జాక్స్ రోడ్ వ్యాజ్యం. డీ లోయలోని బ్రేమార్ ఊరి నుంచి గ్లెన్ డోల్ లోయ మీదుగా ఆంగస్ వైపు క్లోవాకు దిగే దారి అది. జాన్ (జాక్) వింటర్ అనే గొర్రెల కాపరి వల్ల దానికి ఆ పేరు వచ్చిందంటారు. ఆస్ట్రేలియాలో ధనం గడించి వచ్చి గ్లెన్ డోల్ కొన్న డంకన్ మాక్‌ఫర్సన్ ఆ దారి మూసేశాడు. స్కాటిష్ దారి హక్కుల సంఘం కోర్టుకెక్కింది. అప్పటి చట్టం ప్రకారం రెండు బహిరంగ స్థలాలను కలిపే దారిని 40 ఏళ్లపాటు జనం అడ్డులేకుండా వాడినట్టు రుజువు కావాలి. పత్రాలతో తేలే సంగతి కాదది. ముసలి కాపరులూ మందలు తోలినవాళ్లూ బోనెక్కి, బ్రేమార్ వైపు నుంచి గొర్రెలను ఆంగస్ సంతలకు ఆ దారినే తోలామని చెప్పారు. కొండ మీద వాళ్లు పడ్డ శ్రమే సాక్ష్యమైంది. 1888లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దారి ప్రజలదేనని తేల్చింది. ఖర్చు మాత్రం ఇరుపక్షాలనూ కుంగదీసింది.

కోర్టులో గెలిచినంత మాత్రాన ఆ కొండ మెత్తబడలేదు. దారిలో పైభాగం దాదాపు 900 మీటర్ల ఎత్తు, గాలికి చాటే ఉండదు. 1959 జనవరి 1న బ్రేమార్ నుంచి బయలుదేరిన ఐదుగురు పాదచారులు మంచుతుఫానులో చనిపోయారు. ఆ తర్వాత 1966లో అక్కడ రాళ్లు పేర్చి, మట్టిగడ్డలు కప్పి ఒక తలదాచుకునే గుడిసె కట్టారు.

2003 నాటి భూసంస్కరణ చట్టంతో స్కాట్లాండ్‌లో దాదాపు ఏ నేల మీదైనా బాధ్యతగా నడిచే హక్కు అందరికీ వచ్చింది. నడవడానికి ఇక ఏళ్ల తరబడి వాడకానికి సాక్ష్యం అక్కర్లేదు. అయినా దారి హక్కుల సంఘం పాత దారుల పట్టిక రాస్తూ, కనుమల మొదట్లో సూచికలు పాతుతూ ఇప్పటికీ పనిచేస్తోంది.