చుట్టీ లెక్కలు

చుట్టీ అనే మాటకు సెలవు అని అర్థం. హిందుస్తానీ నుంచి వచ్చింది. అయితే కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల పల్లెల్లో బడిపిల్లలకు ఉండేవి సెలవులు, సర్కారు నౌకరికి దొరికేది లీవు. చుట్టీ మాత్రం దుబాయి, మస్కటు, సౌదీ, కువైటు పోయినవాడిదే. "మా పెద్దోడు చుట్టీ మీద వచ్చిండు" అని ఒక తల్లి అన్నదంటే, కొడుకు రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి, రెండు నెలల కోసం, చేతిలో తిరుగు టికెట్టుతో వచ్చాడని ఊరంతటికీ అర్థమైపోతుంది.

విదేశయాత్ర ముగించుకుని ఇల్లు చేరాక మొదటి వారం ఎలా గడుస్తుందో మనవాళ్ళు చాలామంది రాశారు. పెట్టెలు విప్పడం, పేరుకుపోయిన బిల్లులు కట్టడం, వేళ కాని వేళ నిద్ర ముంచుకురావడం వగైరా. ఆ రాతల్లో విదేశం విహారం, ఇల్లు విధి. గల్ఫు కూలీ విషయంలో ఇది తలకిందులు. అతడి పని అక్కడ, విశ్రాంతి ఇక్కడ అని కంపెనీ కాగితం చెబుతుంది. కానీ ఆ రెండు నెలల్లో అతడు చక్కబెట్టవలసిన పనులకు అంతు ఉండదు. ఆ పనులేమిటో, అవి దశాబ్దాల వెంబడి ఎలా మారాయో ఒకసారి చూద్దామనిపించింది. వలసల గురించి రాసేవారు పోయినవారి కష్టాలను, వచ్చిన డబ్బును లెక్కపెడతారు గానీ నడుమనున్న ఈ రెండు నెలలను పట్టించుకున్నది తక్కువేనని నా ఫిర్యాదు. (2016 అక్టోబరు 11న ఈ రెండు జిల్లాలు విడిపోయి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల వంటి కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. చెప్పబోయేది చాలావరకు అంతకు ముందటి సంగతి కనుక పాత పేర్లే వాడుతున్నాను.)

ఊరు విడిచిపోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని అక్కడ ఒక నానుడి. బొగ్గుబాయి అంటే సింగరేణి గనులు: గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి. ఇక బొంబాయి సంగతి చూస్తే, నిజాం ఇలాకా నుంచి పోయిన కామాటీల పేరు మీద అక్కడ కామాటిపురా అని ఒక పేటే వెలిసింది. మగ్గాన్ని నమ్ముకున్న పద్మశాలీలు షోలాపూరుకూ భీవండికీ తరలిపోయారు. ఈ వరసలో దుబాయి కడపటిది. 1973లో మొదలై కొద్ది నెలల్లోనే చమురు ధర నాలుగింతలు కావడంతో గల్ఫు దేశాల్లో రోడ్లు, రేవులు, మేడలు లేవడం మొదలైంది. వాటికి కూలీలు కావలసివచ్చారు. బొంబాయి తెలిసిన ప్రాంతానికి అక్కడి నుంచి సముద్రం దాటే దారి కనుక్కోవడం కష్టం కాలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ వెంటనే అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరల గడీలకూ పోలీసు క్యాంపులకూ మధ్య ఊళ్ళో నిలవలేక గల్ఫు దారి పట్టిన యువకులూ ఉన్నారు. కరువొక్కటే వారిని వెళ్ళగొట్టలేదన్న మాట గుర్తుంచుకోవాలి.

తొలి రెండు దశాబ్దాల్లో చాలామందికి చుట్టీ బొంబాయిలోనే మొదలయ్యేది. 1981లో తెరిచిన సహారు విమానాశ్రయంలో దిగి, కస్టమ్సు వారి బల్ల దాటి, తాళ్ళతో బిగించిన అట్టపెట్టెలతో రైలో బస్సో ఎక్కేవారు. పెట్టె నాలుగు పక్కలా పెద్ద అక్షరాలతో పేరు, ఊరు, తాలూకా. లోపల టూ-ఇన్-వన్ టేప్‌రికార్డరు, మింకు దుప్పటి, సెంటుబుడ్లు, టాంగ్ పొడి, నీడో పాలడబ్బా, టైగర్ బామ్, యాక్స్ నూనె. బంగారానిది వేరే కథ. 1968 నాటి బంగారు నియంత్రణ చట్టం 1990లో రద్దయింది. 1992 నుంచి ఆరు నెలలకు మించి బయట ఉండి వచ్చినవారు సుంకం కట్టి 5 కిలోల వరకు తెచ్చుకోవచ్చన్నారు. మన కూలీ చేతిలో అయిదు కిలోలు ఎక్కడివి? చెల్లెలి పెళ్ళికి పుస్తెలతాడు, భార్యకు ఒక గొలుసు తెచ్చుకునేవాడు. మొత్తం పరిమితి తామే నింపుతామని వాడి పాస్‌పోర్టును, వాడి ప్రయాణాన్ని అద్దెకు తీసుకునే వ్యాపారులు మాత్రం పుట్టుకొచ్చారు.

ఇల్లు చేరిన మరునాటి నుంచి పంపకాలు. అన్నకు టీషర్టు, బావకు సిగరెట్టు పెట్టె, మేనత్తకు టైగర్ బామ్. ఎవరికి ఏమి ఇచ్చాడన్నది ఏడాదిపాటు ఊళ్ళో చర్చ. వదినెకు ఇచ్చిన చీర చిన్నమ్మకు ఇచ్చినదానికన్నా పలచనైతే అది కక్షగా మారేది. ఇంతకన్నా బరువైన పని మరొకటుంది. తన గదిలో ఉండే పదిమంది తలా ఒక పొట్లం కట్టి ఇస్తారు. ఒకటి కోరుట్ల దగ్గర పల్లెకు, ఒకటి ఖానాపూర్‌కు, ఇంకొకటి వేములవాడ అవతలికి. వాటిని చేర్చడానికి వారం పడుతుంది. పొట్లంతో పని అయిపోదు. ఆ ఇంట్లో కూర్చుని వారి కొడుకు బాగున్నాడని, లావయ్యాడని, వేళకు తింటున్నాడని చెప్పాలి. ఫోను లేని రోజుల్లో గొంతును క్యాసెట్టులో పట్టి పంపేవారు. దాన్ని విని తల్లి ఏడుస్తుంటే ఓదార్చే పనీ ఇతడిదే. గదిలోని మనిషి చనిపోయి ఉంటే, వాడి గడియారం, బట్టలు, మిగిలిన జీతం పట్టుకుని ఆ గడప తొక్కవలసిన పని కూడా చుట్టీ మీద వచ్చినవాడిదే. శవపేటిక ముందు వచ్చి ఉండవచ్చు, రాకపోనూ వచ్చు. ఎలా పోయాడని అడిగే మొదటి మనిషికి జవాబు చెప్పవలసినవాడు ఇతడు.

పొట్లాలు చేర్చాక అప్పులు. ఏజెంటుకు కట్టిన సొమ్ము నూటికి రెండు మూడు రూపాయల మిత్తికి తెచ్చినదై ఉంటుంది. మొదటి చుట్టీ నాటికి మిత్తి తీరితే అదృష్టం, అసలు రెండో చుట్టీకి. ఇల్లు కట్టడం మూడోదానికి. ఊళ్ళో ఒకే ఇంటికి పునాది ఒక ఏడు, గోడలు మరో ఏడు, స్లాబు ఇంకో ఏడు కనిపించిందంటే అది ఎన్ని చుట్టీల ఇల్లో లెక్కకట్టవచ్చు. ఇంటి పైన సలాకలు బయటికి వదిలేసి ఉన్నాయంటే మరో చుట్టీ ఉందని ఆశ. డబ్బు రాక గురించీ రెండు మాటలు. బ్యాంకు డ్రాఫ్టును రిజిస్టరు పోస్టులో పంపితే అది చేరి, జమ అయ్యేసరికి వారాలు గడిచేవి. 1973 నాటి ఫెరా చట్టం హవాలాను నేరమన్నా, ఇంటి గడపకే డబ్బు తెచ్చిచ్చే మనిషిని కాదనుకునే ఓపిక ఎవరికి ఉంటుంది? 1991 జూలైలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించాక దిర్హము సుమారు అయిదు ముప్పావు రూపాయల నుంచి ఏడు రూపాయల దగ్గరికి చేరింది. దేశానికి అది సంక్షోభం. మెట్‌పల్లిలోనో మల్యాలలోనో స్లాబు వేయడానికి ఎదురుచూస్తున్న ఇంటికి మాత్రం నాలుగు సిమెంటు బస్తాలు అదనం.

ఇంతకూ నేను చెప్పదలచినది ఈ పనులన్నిటి వెనకా ఉన్న ఒక చిన్న వస్తువు గురించి. సంతకం. పొలం పట్టా అతడి పేరున ఉంది, బ్యాంకు ఖాతా అతడి పేరున ఉంది, కరెంటు మీటరూ, సహకార సంఘంలో అప్పూ అన్నీ అంతే. ఇరవై రెండు నెలలు ఊళ్ళో ఉన్నది భార్య. బోరు వేయించి, నాటు వేయించి, వాటాదారుతో తగాదా పడి, పిల్లవాడిని బళ్ళో వేసి, మామకు మందులు తెచ్చింది ఆమె. కానీ ఏ పనీ సంతకం లేనిదే పూర్తి కాదు కనుక అవన్నీ సగంలో ఆగి చుట్టీ కోసం చూస్తుంటాయి. అతడు రాగానే తహసీలు కచేరీకి, బ్యాంకుకు, రిజిస్ట్రారు ఆఫీసుకు వరసగా తిప్పేది ఆమే. ఏ గుమాస్తా ఏ పూట దొరుకుతాడో, ఏ కాగితానికి ఎన్ని నకళ్ళు కావాలో ఆమెకే తెలుసు. అతడు చూపించిన చోట వేలు పెట్టి లేచేవాడు. గల్ఫుకు పోయినవాడు దేశాలు చూసి నేర్చుకున్నాడని మనం అంటాం. ఆ పాతికేళ్ళలో ఎక్కువ నేర్చుకున్నది ఆ ఇల్లాలేనని నా నమ్మకం. వేలిముద్ర దాటి పేరు రాయడం, పాస్‌బుక్కు చదవడం ఆ తిరుగుళ్ళలో ఒంటబట్టిన విద్యలు. ఉమ్మడి ఖాతా తెరిస్తే సగం తిరుగుళ్ళు తప్పేవి కదా అనిపించవచ్చు. అత్తగారికి అది ఒప్పుదల కావాలి మరి.

దేవుళ్ళూ చుట్టీ కోసమే ఆగేవారు. కొడుకు పుట్టువెంట్రుకలు తీయాలంటే తండ్రి ఉండాలి. అందుచేత వేములవాడ రాజన్నకు కోడె మొక్కు, కొండగట్టు అంజన్న దర్శనం, ధర్మపురి గోదావరి స్నానం, బాసరలో అక్షరాభ్యాసం ఒకే వారంలో జీపు మాట్లాడుకుని ముగించేవారు. ఆ జీపులో పిల్లవాడు తండ్రి ఒళ్ళో కూర్చోవడానికి మొరాయించి మేనమామ దగ్గరికి పోతుంటే, అందరూ నవ్వేవారు, తండ్రితో సహా.

మూడో వారం దాటాక ఇంటికి వచ్చేవారి ప్రశ్న మారుతుంది. "ఏం తెచ్చినవ్" పోయి "వీసా ఉన్నదా బావా" మొదలవుతుంది. ఇది చరిత్రకారులు గమనించవలసిన ఘట్టం. ఫలానా మండలంలో ఒక ఊరి నుంచి ఇంటికొకరు పోయి, పక్క ఊరి నుంచి ఎవరూ పోకపోవడానికి వానల లెక్కలతో సమాధానం దొరకదు. మొదటి చుట్టీకి వచ్చిన మొదటి మనిషి తన కఫీలు దగ్గర రెండు వీసాలు పట్టుకొస్తే బావమరిదీ చిన్నాయన కొడుకూ పోయారు, వారి వెంట వారివారు పోయారు. 1983 డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చిన ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటు ఉండాలి, చదువు చాలనివారి పాస్‌పోర్టు మీద హైదరాబాదులోని వలసదారుల సంరక్షకుడి అనుమతి పడాలి. పల్లెలో ఏజెంటు అంటే చుట్టీ మీద వచ్చిన బావే. ఆజాద్ వీసా అని తెచ్చినది అక్కడికి పోయాక చెల్లనిదని తేలితే తిట్టు, పంచాయితీ అతడికే. అకామా, కఫీలు, ఖల్లివల్లి, ఔట్‌పాసు అనే మాటలు అరబ్బుల దేశం చూడని ముసలివాళ్ళ నోళ్ళలోనూ నానడం ఈ పంచాయితీల పుణ్యమే.

చుట్టీ కానిది కూడా ఒకటుంది. కాగితాలు లేకుండా మిగిలిపోయినవారిని శిక్ష లేకుండా వెళ్ళనిస్తామని ఎమిరేట్సు ప్రభుత్వం 1996లో, 2003లో, 2007లో, ఆ తర్వాతా క్షమాభిక్ష ప్రకటించింది. ఔట్‌పాసు మీద వచ్చినవాడికి అట్టపెట్టె లేదు, పంపకాలు లేవు. రాత్రి బస్సు దిగి చీకట్లో ఇల్లు చేరేవాడు. పొద్దున అప్పులవాడు గుమ్మంలో ఉండేవాడు. ఒకే ఊళ్ళో ఒకే నెలలో ఈ రెండు రకాల రాకడలూ జరిగేవి.

తిరుగు ప్రయాణపు పెట్టెలో సకినాలు, తొక్కు, గదిలోని వారి తల్లులు ఇచ్చిన పొట్లాలు. ఈ పొట్లాల్లోనే గండం ఉంది. మన వంటింటి గసగసాలు ఎమిరేట్సులో మాదకద్రవ్యాల కింద లెక్క. కొన్ని నొప్పి మాత్రలకూ అక్కడ నిషేధం ఉంది. ఎవరో కట్టి ఇచ్చిన పొట్లం విప్పి చూడడం నమ్మకద్రోహమని ఊరు అనుకుంటుంది, చూడకపోతే జైలు. ఈ మొహమాటమే కొందరి బతుకులు తీసింది.

ఇన్ని పనులూ నెలల లెక్కకు లోబడే ఉంటాయి. నివాస వీసా ఉన్నవాడు ఆరు నెలలకు మించి బయట ఉంటే అది చెల్లదని ఎమిరేట్సు నియమం. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం వచ్చి, బొంబాయి మజిలీ చాలామందికి తప్పిపోయి, చేతిలో సెల్‌ఫోను చేరి, క్యాసెట్లూ డ్రాఫ్టులూ మూలపడ్డాక కూడా ఈ లెక్క మారలేదు. 2020 మార్చి 22 అర్ధరాత్రి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయినప్పుడు చుట్టీ మీద ఉన్నవారు మొదటిసారి ఆ లెక్క దాటి ఊళ్ళో ఉండిపోయారు. నాటు వేశారు, ఉపాధి హామీ పనికి పోయారు, కొందరు భార్య తోలే ట్రాక్టరు పక్కన కూర్చోవడం నేర్చుకున్నారు. వీసా గడువు తీరుతున్న భయం మాత్రం వదలలేదు. 2021లో కొత్త పనులు పుట్టాయి. టీకా పత్రం మీద పాస్‌పోర్టు నంబరు ఎక్కించుకోవాలి. విదేశంలో ఉద్యోగమున్నవారికి రెండో డోసు 28 రోజులకే ఇవ్వవచ్చని ఆ జూన్‌లో కేంద్రం చెప్పింది గనుక ఆ కాగితం పట్టుకుని టీకా కేంద్రం వెతుక్కోవాలి. సౌదీకి నేరుగా విమానం లేక నేపాలులోనో మాల్దీవుల్లోనో పద్నాలుగు రోజులు అద్దెగదిలో గడిపి పోయినవారున్నారు. అది కూడా కొత్త అప్పే.

2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫులో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే ఉత్తర్వు జారీ చేసింది. మరణపత్రం, పాస్‌పోర్టు నకలు, బ్యాంకు పుస్తకం పట్టుకుని కలెక్టరు కచేరీలో దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ కచేరీ దారి ఆమెకు ముందే తెలుసు. ఈసారి సంతకం కోసం ఎవరినీ వెంట తీసుకుపోనక్కర్లేదు.