గుంటూరు సీమ దోపిడి: లెక్కయు, న్యాయమును

దండు వచ్చి పోయిన పిమ్మట ప్రజలు కోరునవి రెండు. తమకు కలిగిన నష్టమును ఎవరైన వినవలెను. విన్నవారు దానికి పరిహారము చూపవలెను. ఈ రెండును ఒకటే యని సామాన్యముగా తలంతుము. ఒకటి కావని చరిత్ర చెప్పుచున్నది. 1816లో పిండారీలు గుంటూరు సీమను దోచిన వృత్తాంతము ఇందుకు నిదర్శనము.

పిండారీలు క్రమబద్ధమైన సైన్యము కారు. సింధియా, హోల్కరుల సేనల వెంట నడచిన ఆశ్వికులు. వారికి జీతము లేదు. దోపుడు సొమ్మే జీవనము. సింధియాను ఆశ్రయించినవారిని సింధియాషాహీలనియు, హోల్కరును ఆశ్రయించినవారిని హోల్కరుషాహీలనియు పిలిచెడివారు. వారి స్థావరములు నర్మదా తీరమున నుండెను. వానలు వెనుకబట్టి, దసరా గడచి, నదులు దాటుటకు వీలు కలుగగానే వారి దండు కదలెడిది.

1816 ఫిబ్రవరిలో నర్మదను దాటిన దండులో ఒక పాయ నిజాము రాజ్యము మీదుగా వచ్చి, మార్చి 10వ తేదీన ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని మచిలీపట్టణము జిల్లా పడమటి సరిహద్దున కనబడెను. 11వ తేదీన ఆ ఆశ్వికులు 38 మైళ్లు నడచి 72 గ్రామములను దోచిరి. మరునాడు మరి 54 గ్రామములను దోచి గుంటూరు చేరిరి. పట్టణములో చాల భాగమును, దొరల ఇండ్లను కొల్లగొట్టిరి. కలెక్టరు కచేరీని కొద్దిమంది సిపాయిలు కాచి నిలిచిరి కావున సర్కారు ఖజానా మాత్రము దక్కెను. రైతు గాదెకు అట్టి కాపు లేదు. రాత్రికి దండు వెడలిపోయెను. కంపెనీ భూములలో పిండారీలు నిలిచినది పన్నెండు దినములకు లోపే.

ఆ తరువాత నష్టమును విచారించుటకు కంపెనీ ప్రభుత్వము ఒక సంఘమును పంపెను. ఆ సంఘము తేల్చిన లెక్క ఇది: దోపిడికి గురియైన గ్రామములు 339, చంపబడినవారు 182 మంది, తీవ్రముగా గాయపడినవారు 505 మంది, చిత్రహింసలకు లోనైనవారు 3,603 మంది. ప్రజల సొత్తులో పోయినది పాతిక లక్షల రూపాయలకు పైబడి యుండెను.

ఈ అంకెలలో హతులకంటె హింసితులు ఇంచుమించు ఇరువది రెట్లుండుట గమనింపదగినది. నాటి గృహస్థు తన సొమ్మును నేలలో పాతి దాచుకొనెడివాడు. చచ్చినవాడు దాచిన చోటు చెప్పజాలడు. కావుననే వేడి బూడిద నింపిన సంచిని ముఖమునకు కట్టి ఊపిరాడకుండ చేయుట పిండారీల పద్ధతి యయ్యెను. ఆ 3,603 మందిలో ప్రతివాడును ఏదో యొక ఇంటి గుట్టు తెలిసినవాడని తలపబడినవాడే.

ఇంత శ్రద్ధతో కూర్చిన లెక్క దేనికి పనికివచ్చెను? మధ్య హిందూస్థానపు వ్యవహారములలో చేయి పెట్టరాదను విధానమును లండనులోని కంపెనీ డైరెక్టర్లు సడలించుటకు పనికివచ్చెను. గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువు 1817లో ప్రారంభించిన యుద్ధమునకు గుంటూరు ప్రజల కష్టము బలమైన కారణముగా చూపబడెను. యుద్ధము ముగియుసరికి పిండారీల పీడ తొలగెను. ఇది మేలే. అయితే పిండారీలకు అండయైన అమీర్ ఖాను 1817 నవంబరు సంధితో టోంకు నవాబయ్యెను. పిండారీ నాయకుడు కరీం ఖాను 1818 ఫిబ్రవరిలో మాల్కము దొరకు లొంగి గోరఖ్‌పూరు ప్రాంతమున భూమిని పొందెను. దోచిన చేతికి భూమి దక్కుట ఆ శాంతిలో ఒక భాగము.

యుద్ధములో కంపెనీ సేనలకు చిక్కిన సొమ్ము సంగతి వేరు. అది ‘దక్కను ప్రైజు మనీ’ అను పేర ప్రసిద్ధి చెందెను. ఆంగ్లేయుల ధర్మశాస్త్రము ప్రకారము యుద్ధమున చిక్కిన సొమ్ము రాజుది. రాజు అనుగ్రహించి సైన్యమునకు పంచును. ఏ సేనకు ఎంత భాగమను తగవు ఏండ్ల తరబడి సాగెను. సొమ్ము పోగొట్టుకొన్నవాడు మాత్రము ఆ తగవులో కక్షిదారుడు కాడు.

అట్టివారిలో ఒకని పక్షమున న్యాయస్థానము తలుపు తట్టినవారు కలరు. పీష్వాకు చెందిన రాయగడ కోట అధికారి నారోబా గోవింద అవుటియా. 1817 నవంబరులో పూనా, 1818 మేలో రాయగడ కంపెనీ వశమయ్యెను. కోట లొంగినప్పటి షరతులలో సొంత ఆస్తికి అభయమీయబడెను. అయినను పూనాలో కలెక్టరుగా నున్న కెప్టెన్ రాబర్ట్‌సన్ నారోబాను నిర్బంధించి, అతని ధనమును పీష్వా ధనమని స్వాధీనపరచుకొనెను. నారోబా వీలునామా అమలుదారులు రాబర్ట్‌సన్ పైనను, ఎల్ఫిన్‌స్టన్ పైనను బొంబాయి సుప్రీము కోర్టులో దావా వేసి గెలిచిరి. 1830లో ప్రివీ కౌన్సిలు ఆ తీర్పును కొట్టివేసెను. పోరు సాగుచుండకున్నను యుద్ధము ఇంకను ముగియలేదనియు, అది శత్రువు సొత్తును పట్టుటయే కావున సామాన్య న్యాయస్థానమునకు విచారణాధికారము లేదనియు నిర్ణయించెను. ధనము ఎవరిదను ప్రశ్నకు జవాబే అక్కరలేకపోయెను.

గుంటూరులో విచారణ జరిగినది. దాని ఫలము యుద్ధము. పూనా సొమ్మునకై తీర్పు వచ్చినది. దాని ఫలము తలుపు మూయుట. రెండు చోట్లను ప్రజల నష్టమునకు అర్థము చెప్పినది ప్రభుత్వమే. 1907 నాటి హేగు ఒప్పందము కొల్లను నిషేధించి, నియమము తప్పిన రాజ్యము పరిహారమీయవలెనని పలికెను. 1949 నాటి జెనీవా ఒప్పందము ఆ నిషేధమును మరల ఉద్ఘాటించెను. ఇది గొప్ప మార్పే. కాని నేటికిని ఆ పరిహారమును ఒక రాజ్యము మరియొక రాజ్యమును అడుగుటయే వాడుక. గాదె కోల్పోయిన రైతు తానే వాదియై నిలుచుటకు దారి ఇరుకుగనే యున్నది. ఆ దారి వెడల్పగువరకు 339 గ్రామముల లెక్క చరిత్ర గ్రంథములలో అంకెగనే నిలిచి యుండును.