చైనా ఉదాహరణలో మనం చెప్పని సగం

మన తెలుగు ఉపాధ్యాయుల సభల్లో ఒక వాక్యం తప్పకుండా వినిపిస్తుంది. "చైనావారు, జపానువారు తమ మాతృభాషలోనే చదువుకొని ఇంతవారయ్యారు, మనమెందుకు కాలేము?" అని. నేనూ ఈ మాటను ఎన్ని వేదికల మీద చెప్పి చప్పట్లు కొట్టించుకున్నానో లెక్కలేదు. ఆ చప్పట్ల మీద నాకు అనుమానం కలిగించినవాడు నా పాత విద్యార్థి ఒకడు. హొసూరులో ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. కొడుకును బడిలో చేర్చడానికి వచ్చి, తెలుగు వద్దన్నాడు.

"చైనాలో అందరికీ ఒకటే బాస పెట్టినారంట గదా అయ్యవారూ. అందుకే గదా అంత ముందుకు పోయినారు. మా వానికి తమిళం, ఇంగ్లీషు చాలు. తెలుగు ఇంట్లో ఎట్లాగూ మాట్లాడతాం."

నేను తెలుగు కోసం వాడే ఉదాహరణనే అతడు తెలుగుకు ఎదురుగా వాడాడు. ఇద్దరమూ ఒకే దేశాన్ని సాక్షిగా పిలిస్తే ఆ సాక్షి నిజానికి ఏమంటున్నదో వినడం అవసరమనిపించి, ఆ దేశపు ఇటీవలి చరిత్రను కొంత శ్రద్ధగా చదివాను. తోటి ఉపాధ్యాయులకూ, తల్లిదండ్రులకూ ఉపయోగపడవచ్చునని ఇక్కడ రాస్తున్నాను.

చైనా ఆధునికీకరణ అనగానే మనకు కర్మాగారాలు గుర్తుకు వస్తాయి. కానీ మావో మరణానంతరం మొదట తెరుచుకున్న తలుపుల్లో ఒకటి పరీక్ష హాలుది. సాంస్కృతిక విప్లవ కాలంలో పదేళ్ళకు పైగా ఆగిపోయిన విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష 1977 శీతకాలంలో తిరిగి జరిగింది. పొలాల్లో, గనుల్లో పని చేస్తున్న యువతీయువకులు సుమారు 57 లక్షల మంది ఆ పరీక్ష రాశారు. సీట్లు దొరికింది మూడు లక్షల లోపు మందికే. ఆ మరుసటి ఏడాది, 1978 డిసెంబరులో, కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ సమావేశంతో డెంగ్ జియావోపింగ్ నాయకత్వంలో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి. అంటే కర్మాగారం కన్నా ముందు బడి లేచి నిలబడింది. ఉపాధ్యాయుడిగా ఈ వరుస నాకు ఎంతో నచ్చిందని ఒప్పుకుంటాను. 1982 జనగణననాటికి చైనా వయోజనుల్లో సుమారు 65 శాతం అక్షరాస్యులు. అదే కాలంలో మన దేశంలో సగం మంది కూడా లేరు.

ఇక కర్మాగారాల సంగతి. హాంకాంగుకు ఆనుకొని బావోఆన్ అనే తాలూకా వంటి ప్రాంతం ఉండేది. వరి పొలాలు, చేపల వేట, సుమారు మూడు లక్షల జనం. 1979లో దానికి షెన్‌జెన్ నగరమని పేరు పెట్టారు. 1980 ఆగస్టులో అందులో కొంత భాగాన్ని ప్రత్యేక ఆర్థిక మండలంగా ప్రకటించారు. విదేశీ పెట్టుబడి వచ్చింది, దాని వెంట పని వచ్చింది, పని వెంట జనం వచ్చారు. 1992లో డెంగ్ దక్షిణాది పర్యటన తరువాత ఆ వేగం మరింత పెరిగింది. 2020 జనగణనలో ఆ నగర జనాభా కోటీ డెబ్బై అయిదు లక్షలు! ఒక తరం పుట్టి పెళ్ళీడుకు వచ్చేలోగా ఊరు మహానగరమైపోయింది.

ఈ కథ మన ప్రాంతపు వారికి కొత్తగా తోచకూడదు. కొలతలో చాలా చిన్నదే కావచ్చు గానీ ఆ కాలంలోనే ఇటువంటి మార్పు మన గడపలోనూ జరిగింది. 1971లో తమిళనాడు ప్రభుత్వం సిప్కాట్ సంస్థను నెలకొల్పింది. ఆ దశకంలోనే హొసూరులో పారిశ్రామికవాడకు భూమి సేకరించారు. బెంగళూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో, చల్లని గాలి, రాగి చేలు, పూలతోటలు ఉన్న ఊరు అది. షెన్‌జెన్ ఆర్థిక మండలం ప్రకటించిన 1980లోనే హొసూరులో అశోక్ లేలాండ్ కర్మాగారం ప్రారంభమైంది. అదే ఏడాది ఇక్కడ తయారైన టీవీఎస్ 50 మోపెడ్ రోడ్డెక్కింది. 1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి టైటాన్ గడియారాల సంస్థను స్థాపించి హొసూరులో కర్మాగారం కట్టారు. 2019లో హొసూరు నగరపాలక సంస్థ అయింది. ఇప్పుడు ఆ పక్కనే టాటా ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ఐఫోన్ భాగాలు తయారవుతున్నాయి. ఒకప్పుడు షెన్‌జెన్ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చిన ఆ ఫోను పని మన కొండల దాకా వచ్చేసింది. సిచువాన్, హునాన్ పల్లెల ఆడపిల్లలు షెన్‌జెన్ వసతిగృహాలకు వచ్చినట్లే, ఝార్ఖండ్ ఆదివాసీ యువతులు ఇక్కడికి వచ్చి పని చేస్తున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. షెన్‌జెన్‌లో పుట్టి పెరిగిన వారి ఇంటి భాష ఏది? మనం సభల్లో 'చైనీసు' అని ఒక్క మాటలో తేల్చేస్తాం. అక్కడి పాత జనం పడమటి వైపు కాంటొనీసు, తూర్పు వైపు హక్కా మాట్లాడేవారు. బడిలో నేర్పే భాష పుతోంగ్‌హ్వా. 'సామాన్య భాష' అని అర్థం. బీజింగ్ ఉచ్చారణను ప్రమాణంగా తీసుకొని 1950ల మధ్యలో నిర్ణయించిన భాష అది. కాంటొనీసు మాత్రమే తెలిసిన అవ్వకు ఆ మాటలు అర్థం కావు. లిపి ఒకటే కదా అంటారా? నిజమే. 8 అనే అంకెను మనం ఎనిమిది అంటాం, తమిళులు ఎట్టు అంటారు, కన్నడిగులు ఎంటు అంటారు. చైనా లిపి కూడా కొంతవరకు అటువంటిదే. ఒకప్పుడు అక్కడి అయ్యవార్లు ఒకే పుస్తకాన్ని తమ తమ ప్రాంతపు పలుకుబడిలో చదివి పాఠం చెప్పేవారు. ఆధునికీకరణతో ఆ వెసులుబాటు పోయింది. 1982 రాజ్యాంగంలోనే పుతోంగ్‌హ్వాను ప్రోత్సహించాలని రాసుకున్నారు. 1994 నుండి ఉచ్చారణ పరీక్ష పెట్టి, ఉపాధ్యాయులు అందులో నిర్ణీత స్థాయి సాధించాలన్నారు. (యాభై దాటిన నాబోటివాడు తన పలుకు సరైనదేనని పరీక్ష రాసి రుజువు చేసుకోవలసి వస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.) 2001 జనవరి నుండి ఏకంగా చట్టమే అమలులోకి వచ్చింది.

ఇంట్లో కాంటొనీసు మాట్లాడవద్దని ఎవరినీ శాసించలేదు. అయినా నాలుగు మూలల నుండి వచ్చిన జనం నడుమ, బడిలో చోటు లేని భాష షెన్‌జెన్‌లో చాలా త్వరగా పలుచబడింది. పొలాలు పోయినచోట మేడలు కట్టి అద్దెలతో సంపన్నులైన స్థానికులు కూడా ఉన్నారు. వారి సంపద మనుమలకు దక్కింది గానీ వారి మాట అంత భద్రంగా దక్కలేదు. పొరుగునున్న గ్వాంగ్‌జౌలో 2010లో దూరదర్శన్ ప్రసారాలను కాంటొనీసు నుండి పుతోంగ్‌హ్వాకు మార్చాలన్న సూచన వచ్చినప్పుడు జనం వీధుల్లోకి వచ్చారు. అక్కడ కాంటొనీసుకు బడి లేకున్నా టీవీ ఉంది, పాట ఉంది, పక్కన హాంకాంగు ఉంది.

ఇన్నర్ మంగోలియా కథ వేరు. అక్కడ మంగోలు మాధ్యమ పాఠశాలలు దశాబ్దాలుగా నడిచాయి. మైనారిటీ జాతులకు తమ భాషను వాడుకొనే, వృద్ధి చేసుకొనే స్వేచ్ఛ ఉందని అదే 1982 రాజ్యాంగం చెబుతుంది. 2020 సెప్టెంబరులో భాషావాచకంతో మొదలుపెట్టి, ఆపై రాజనీతి, చరిత్ర పాఠాలను కూడా పుతోంగ్‌హ్వాలోనే బోధించాలని ఆదేశించారు. తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపకుండా నిరసన తెలిపారు. ఆ నిరసన ఫలించలేదు. అయినా నన్ను ఆపి ఆలోచింపజేసినది ఒకటి ఉంది. మంగోలు తల్లిదండ్రులకు కాపాడుకోవడానికి ఒక తరగతి గది ఉండింది. అది పోతున్నదని ఫలానా తేదీన తెలిసింది. షెన్‌జెన్ హక్కా కుటుంబానికి అటువంటి తేదీ ఏదీ లేదు. తమ మాట ఎప్పుడు పోయిందో చెప్పమంటే వారేమి చెప్పగలరు?

నా వంటివాడు సభలో చెప్పకుండా దాటవేసే సగం ఇదే. చైనా తన భాషలో చదువుకొని ఎదిగిన మాట వాస్తవం. ఇంజనీరింగు, వైద్యం సైతం తమ భాషలో చెప్పుకోగలగడం చిన్న విషయం కాదు. విజయవాడలోనో వరంగల్లులోనో నిలబడి ఆ ఉదాహరణ చెబితే కొంత అతుకుతుంది. వేప్పనపల్లిలో చెబితే అతకదు. మన పిల్లవాడు బీజింగు పిల్లవాడి స్థానంలో లేడు. ఇంట్లో ఒక పలుకు, బడిలో మరొక పలుకు ఉన్న గ్వాంగ్‌డాంగ్ పిల్లవాడి స్థానంలోనో, మంగోలు పిల్లవాడి స్థానంలోనో ఉన్నాడు. ఇక్కడ 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుండి తప్పనిసరి చేసింది. ఆ విద్యాసంవత్సరం మొదలైన అమలు ఏటా ఒక తరగతి చొప్పున పైకి జరిగి 2015-16లో పదవ తరగతికి చేరింది. పదవ తరగతి తమిళ పరీక్ష విషయంలో భాషా అల్పసంఖ్యాక విద్యార్థులకు న్యాయస్థానాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. 2023లో సుప్రీంకోర్టు మరో ఏడాది పొడిగించింది. తమిళం నేర్వడానికి నేను ఎన్నడూ వ్యతిరేకిని కాను. ఈ రాష్ట్రంలో బ్రతికే బిడ్డకు తమిళం రాకపోతే తాలూకా కార్యాలయం గుమ్మంలోనే ఆగిపోతాడు. ఇంత పరిశ్రమ రావద్దని కూడా అనను. నా శిష్యులెందరి ఇళ్ళలోనో దీపం వెలుగుతున్నది ఆ కర్మాగారాల వల్లనే. కానీ చైనాకు లేని ఒక వెసులుబాటు మనకుంది. మాతృభాషలో ప్రాథమిక బోధనకు వసతులు కల్పించాలని 1956లో చేర్చిన 350ఎ అధికరణం మన రాజ్యాంగంలో ఉంది. చేరిక పత్రంలో తెలుగు కోరుకొనే గడి ఉంది. ఆ గడిని ఖాళీగా వదిలేది బీజింగు కాదు, చెన్నై కూడా కాదు, చాలాసార్లు మనమే.

ఇదంతా నా శిష్యునికి ఒక సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. చాలాసేపు విన్నాడు. "మరి కంపెనీలో తెలుగు అడగరు గదా అయ్యవారూ?" అన్నాడు. అడగరని ఒప్పుకున్నాను. "మీ అమ్మ పోస్టుకార్డు రాస్తే నువ్వు చదివేవాడివి. రేపు నీ కొడుకు నీ రాత చదవగలడా, నాయనా?" అని మాత్రం అడిగాను. అతడు నవ్వి, ఇప్పుడు కార్డులు ఎవరు రాస్తున్నారన్నాడు. అదీ నిజమే. లేచి వెళ్ళేముందు, తమిళంతో పాటు తెలుగూ పెట్టిస్తే పిల్లవానికి బరువవుతుందేమోనని అడిగాడు. వారానికి ఎన్ని గంటలో, ఏయే పుస్తకాలో కాగితం మీద రాసిచ్చాను. ఇంట్లో అడిగి చెబుతానని ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బడి తెరిచేది జూన్‌లో.