విచారణకు ఒంటరిగా వెళ్లాలా? ఉద్యోగికి ఉన్న హక్కులు ఇవీ

హెచ్ఆర్ నుంచి పిలుపు వస్తుంది. బల్లకు అటువైపు మేనేజర్, హెచ్ఆర్ అధికారి, ఒక్కోసారి కంపెనీ వకీలు. ఇటువైపు ఉద్యోగి ఒక్కడే. కంగారులో ముందు పెట్టిన కాగితం మీద సంతకం చేసి బయటపడతాడు. ఆ సంతకమే రేపు నౌకరీ పోవడానికి ఆధారం కావచ్చు. అందుకే చట్టం ఏమిచ్చిందో, ఏమివ్వలేదో ముందే తెలిసి ఉండాలి.

ఫిర్యాదు ఉద్యోగిదైతే

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఇందులో సభ్యులు 10 మందికి మించరాదు. యాజమాన్యం వైపు ఎంతమందో, కార్మికుల వైపు అంతమందే ఉండాలి. మహిళలకు వారి సంఖ్యకు తగిన చోటు ఇవ్వాలి. సమస్య తలెత్తిన ఏడాదిలోగా దరఖాస్తు పెట్టుకోవాలి. కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. కార్మికుల తరఫు సభ్యుల్లో సగానికి పైగా ఒప్పుకుంటేనే ఆ నిర్ణయం చెల్లుతుంది. న్యాయం జరగలేదనిపిస్తే 60 రోజుల్లోగా, తాను సభ్యుడిగా ఉన్న యూనియన్ ద్వారా కార్మిక శాఖలోని రాజీ అధికారి దగ్గరికి వెళ్లవచ్చు.

అయితే మేనేజర్ స్థాయి వారు, నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు ఈ కోడ్ కింద కార్మికులు కారు. వారికి నియామక పత్రం, కంపెనీ నిబంధనలే ఆధారం.

ఆరోపణ ఉద్యోగి మీదైతే

ఇక్కడే చాలామంది పొరబడతారు. తోడుగా ఒకరిని తెచ్చుకోవడం ప్రతిచోటా దానంతటదే వచ్చే హక్కు కాదు. కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లలోనో, సర్వీసు నిబంధనల్లోనో ఉంటేనే తోటి ఉద్యోగినో, యూనియన్ ప్రతినిధినో వెంట తెచ్చుకోవచ్చని సుప్రీంకోర్టు 1960 నుంచీ చెబుతోంది. కాబట్టి మొదటి పని ఆ నిబంధనల ప్రతి సంపాదించడం. వకీలు విషయంలో ఒక మినహాయింపు ఉంది. యాజమాన్యం తరఫున న్యాయశాస్త్రం తెలిసినవారు వాదిస్తూ, ఉద్యోగికి మాత్రం వకీలును కాదంటే అది సహజ న్యాయానికి విరుద్ధమని 1983లో బొంబాయి పోర్టు ట్రస్టు కేసులో కోర్టు తేల్చింది.

తోడు దొరకకపోయినా కొన్ని హక్కులు పోవు. ఆరోపణలు రాతపూర్వకంగా ఇవ్వాలి. జవాబుకు తగిన గడువు ఇవ్వాలి. ఆధారంగా చూపే కాగితాలు చూడనివ్వాలి. సాక్షులను ప్రశ్నించనివ్వాలి. ఫిర్యాదు చేసినవారే విచారణాధికారిగా కూర్చోకూడదు. విచారణాధికారి వేరు, శిక్ష వేసేవారు వేరు అయినప్పుడు, శిక్షకు ముందే నివేదిక ప్రతి ఉద్యోగికి ఇవ్వాలని 1993లో హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలన్నింటికీ ఇది వర్తిస్తుంది.

స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే సంస్థలో కార్మికుణ్ణి సస్పెండ్ చేస్తే, మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత ఆలస్యానికి అతను కారణం కాకపోతే 75 శాతం జీవనభృతిగా చెల్లించాలి.

గదిలో ఏం చేయాలి

తోడు కావాలంటే ముందే రాతపూర్వకంగా, ఈమెయిల్‌లోనైనా సరే, అడగాలి. కాదంటే ఆ జవాబును దాచుకోవాలి. ఖాళీ కాగితం మీద గానీ, చదవని దాని మీద గానీ సంతకం పెట్టొద్దు. విచారణ నమోదు ప్రతి రోజూ అడిగి తీసుకోవాలి. రాసింది తప్పయితే ‘ఇది నేను చెప్పింది కాదు’ అని అక్కడే రాసి సంతకం చేయాలి. కోపంతో లేచి వచ్చేస్తే, ఉద్యోగి లేకుండానే విచారణ ముగించే అవకాశం యాజమాన్యానికి దొరుకుతుంది.

ఉద్యోగం తీసేస్తే కార్మికుడు రాజీ అధికారికి దరఖాస్తు ఇవ్వవచ్చు. 45 రోజులు గడిచినా తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తొలగించిన రోజు నుంచి రెండేళ్లు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు నోటి మాట ఎవరూ వినరు, దాచుకున్న కాగితాలే మాట్లాడతాయి.