పేస్‌మేకర్ పుట్టిన కథ, మళ్ళీ మగ్గం నేసే దారి



మన ధర్మపురికి పాత పేరు తగడూరు. ఇక్కడ ఏలిన అదియమాన్, ఆయుస్సు పెంచే ఉసిరికాయ దొరికితే తాను తినకుండా అవ్వైయార్‌కు ఇచ్చాడనే కథ ఈ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గుండె నెమ్మదించినవాళ్ళకు ఈ కాలపు ఉసిరికాయ పేస్‌మేకర్ అని మేము అంటాం. అయితే అది పెట్టించుకున్నవాళ్ళను మన ఇళ్ళల్లో రెండు రకాలుగా చూస్తున్నాం. కొందరిని ఇంట్లోవాళ్ళు మగ్గం దగ్గరికే పోనివ్వరు, నడవనివ్వరు, మంచానికి కట్టేసినట్టు కూర్చోబెడతారు. ఇంకొందరు సగంలో ఉన్న చీర, తీసుకున్న అడ్వాన్సు గుర్తొచ్చి కుట్లు ఆరకముందే గుంటలో దిగుతారు. రెండూ మంచివి కావు. ఎందుకో ఆ యంత్రం చరిత్ర చూస్తే తెలుస్తుంది.

గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవాలి. ఆ తాళం వేసేది గుండెలోనే పుట్టే చిన్న కరెంటు. అది మందగించినా, దారిలో ఆగిపోయినా కళ్ళు తిరుగుతాయి, మనిషి ఉన్నట్టుండి పడిపోతాడు. పూర్వం ఇలాంటివాళ్ళను బతికించాలంటే గోడకు ఉన్న ప్లగ్గులో తగిలించిన పెద్ద పెట్టెతో బయటినుంచి కరెంటు ఇచ్చేవాళ్ళు. వైరు ఎంత పొడుగో రోగి నడక అంతే.

1957 అక్టోబరు 31న అమెరికాలోని మినియాపొలిస్ ఊళ్ళో కరెంటు పోయింది. కరెంటు పోతే పవర్‌లూం ఆగుతుందని మనకు తెలుసు, అక్కడ గుండెకు తాళం వేసే పెట్టెలకే ఆ ప్రమాదం వచ్చింది. గుండె ఆపరేషన్లు చేసే డాక్టర్ లిల్లెహై, యంత్రాలు రిపేరు చేసే ఎర్ల్ బాకెన్‌ను పిలిచి బ్యాటరీతో నడిచేది చేయమన్నాడు. సంగీతం నేర్చుకునేవాళ్ళకు టక్ టక్ అని తాళం వేసే మెట్రోనోమ్ అనే పెట్టె ఉంటుంది. దాని సర్క్యూట్ బాకెన్ ఒక పత్రికలో చూసి ఉన్నాడు. దాన్నే మార్చి, కొన్ని వారాల్లో మెడలో వేసుకునేంత చిన్న పేస్‌మేకర్ తయారుచేశాడు. రోగికి ప్లగ్గు బంధం తెగింది.

మరుసటి ఏడు 1958 అక్టోబరు 8న స్వీడన్ దేశం స్టాక్‌హోం దగ్గర, ఒంట్లోనే పెట్టే మొదటి పేస్‌మేకర్‌ను సర్జన్ ఓకె సెన్నింగ్ అమర్చాడు. చేసింది రూనె ఎల్మ్‌క్విస్ట్. పెట్టించుకున్నది 43 ఏళ్ళ ఆర్నె లార్సన్. ఆయన రోజుకు ఎన్నోసార్లు స్పృహ తప్పి పడిపోయేవాడు. భార్య ఎల్సె-మారీ పట్టుబట్టి ఆ ఇద్దరినీ ఒప్పించింది. మొదటిది కొన్ని గంటల్లోనే ఆగిపోయింది, రెండోది పెట్టారు. అలా జీవితంలో 26 మార్చుకుంటూ లార్సన్ ఉద్యోగం చేసుకున్నాడు, దేశాలు తిరిగాడు, 2001లో 86వ ఏట వేరే జబ్బుతో కన్నుమూశాడు. ఆపరేషన్ చేసిన సర్జన్, యంత్రం చేసిన ఇంజనీరు ఇద్దరూ ఆయనకంటే ముందే పోయారు.

ఆ తొలి యంత్రాలకు ఒక లోటుండేది. కూర్చున్నా, మెట్లెక్కినా ఒకే తాళం. మనిషి బతికేవాడు గానీ పని చేస్తే ఆయాసపడేవాడు. 1972లో లిథియం బ్యాటరీ వచ్చాక ఆయుష్షు పెరిగింది. 1980ల్లో ఒంటి కదలికను పసిగట్టి తాళం పెంచే పేస్‌మేకర్లు వచ్చాయి. అంటే దాన్ని చేసినవాళ్ళు మనిషి మూల కూర్చోవాలని చేయలేదు, లేచి పని చేసుకోవాలనే ఇన్నేళ్ళు కష్టపడ్డారు.

ఇక్కడే మన నేతగాళ్ళు గమనించాల్సిన సంగతి ఒకటి ఉంది. ఆ కదలిక పసిగట్టేది చాలా యంత్రాల్లో ఛాతీ దగ్గరే ఉంటుంది. నడిస్తే ఛాతీ ఊగుతుంది, దానికి తెలుస్తుంది. కాళ్ళు మాత్రం ఆడుతూ పైభాగం నిలకడగా ఉంటే అంతగా తెలియదు. కదలని సైకిల్ తొక్కేవాళ్ళలో డాక్టర్లు ఇది చూశారు. గుంట మగ్గంలో తొక్కేటప్పుడూ అలా కావచ్చు. నడిస్తే బాగుండి, నేస్తే మాత్రం అలుపు వస్తుంటే వయసని ఊరుకోకండి. చెకప్‌లో చెబితే కోత లేకుండా, పైనుంచే యంత్రంతో సరిచేసే వీలుంది.

ఇక మళ్ళీ ఒళ్ళు కదిలించే వరస. పేస్‌మేకర్ ఎక్కువగా ఎడమ మెడఎముక కింద పెడతారు. అక్కడినుంచి సన్న తీగ గుండెలోకి పోతుంది. ఆ తీగ కొన గుండెకు పట్టుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. కొత్త పడుగు అతుకు గట్టిపడకముందే లాగితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? అందుకే మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు ఆ పక్క చెయ్యి భుజం పైకి ఎత్తకూడదు, సుమారు ఐదు కిలోలకు మించి మోయకూడదు. తడి నూలు కట్టలు, నీళ్ళ బిందెలు, పడుగు దోనె జోలికి పోకూడదు. అలాగని చెయ్యి అసలు కదపకుంటే భుజం బిగుసుకుపోతుంది. తల కిందికి, నడుము మట్టానికి మెల్లగా ఆడిస్తూ ఉండాలి.

నడక మాత్రం డాక్టరు సరే అన్న మొదటి రోజుల్లోనే మొదలుపెట్టొచ్చు. పది నిమిషాలతో మొదలెట్టి వారం వారం పెంచుకోవాలి. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరి. కళ్ళు తిరిగినా, ఛాతీ నొచ్చినా, ఆయాసం వచ్చినా, ఆగకుండా ఎక్కిళ్ళు వచ్చినా, గాయం ఎర్రబడినా, జ్వరం వచ్చినా ఆపి ఆస్పత్రికి పోవాలి. సెల్‌ఫోన్ ఆ పక్క జేబులో పెట్టకూడదు. పేస్‌మేకర్ కార్డు ఎప్పుడూ దగ్గర ఉండాలి. తీర్థమలై కొండ ఎక్కాలనే మొక్కు ఉంటే చెకప్ అయి, డాక్టరు ఒప్పుకున్నాకే.

మగ్గానికి కూడా అంతే. ఎగిరే నాడె మగ్గంలో ఒక చెయ్యి తాడు లాగుతుంది, ఇంకో చెయ్యి పన్నె కొడుతుంది. ఈ సంగతి పట్నం డాక్టరుకు తెలియకపోవచ్చు. ఆపరేషన్‌కు ముందే చెప్పండి: నేను నేతగాణ్ణి, ఏ చేత్తో ఏం చేస్తానో ఇది అని. సెల్‌లో తీసిన వీడియో చూపించినా చాలు. మొదట అరగంట, తర్వాత గంట, అలా పెంచుకుంటూ పూర్తి రోజుకు రావాలి. ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా కార్డు ఉన్నవాళ్ళు చేరేముందే బీమా కౌంటర్లో అడగండి.

చివరిగా తోటి సొసైటీలకు మా మనవి. ఆపరేషన్ అయిన నేతగాడి పడుగును ఆ ఆరు వారాలు వాపసు అడగవద్దు, చీర గడువు పెంచండి. డాక్టరు ఒప్పుకుంటే అంతవరకు కండెలో, లెక్కలో, తేలిక పని ఇవ్వండి. కూలి భయం లేనివాడే తొందరపడకుండా కోలుకుంటాడు, కోలుకున్నవాడే మళ్ళీ పదేళ్ళు నేస్తాడు.