పాటలు ఎక్కించే దుకాణం

నెట్ లేకుంటే పాట రాదంటవేందిరా? మంట దిక్కు ఇంకింత జరుగు, చెప్త. పాట గాలిలకెల్లి పుట్టదు బిడ్డా. ఏడనో ఒక కంప్యూటర్ల ఫైలై పడి ఉంటది, ఆడికెల్లి నీ ఫోనుకు వస్తది. మేం ఆ ఫైలును జేబుల ఏసుకొని తిరిగినోళ్లం. జగిత్యాల బస్టాండు దగ్గర నా దుకాణం బోర్డు మీద ఏమని ఉండెనో మీ నాయిననడుగు. 'ఇచ్చట పాటలు ఎక్కించబడును.'

మొదలు క్యాసెట్లు. గిరాకోళ్లు చిట్టీ మీద పాటలు రాసిచ్చేటోళ్లు. సీ-60 అంటే ఒక్కో దిక్కు 30 నిమిషాలు, సీ-90 అయితే 45. గంట క్యాసెట్ నింపాలంటే గంట కూసోవాలె. జోరుగ ఎక్కించే డెక్కులు ఉండె గని, చెవున్నోడు వాటి జోలికి పోకపోయేది. ఆఖరు పాట సగంల తెగొద్దని చిట్టీ పక్కన నిమిషాలు ఏసుకొని లెక్క కలిపేది. ఆ లెక్క మీ నాయనమ్మదే, నాకంటే ఆమె చెయ్యే సక్కన. రికార్డింగ్ అయినంక క్యాసెట్ అంచుకుండే చిన్న పెంకు విరగ్గొడితే ఇగ దాని మీద వేరే పాట ఎక్కదు. మనసు మారితే ఆ తొర్రకు టేపు ముక్క అంటించుడే.

కంప్యూటర్ వచ్చినంక లెక్కలే మారిపోయినయి. సీడీల పాటను సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలల్ల రాస్తరు, కుడికి వేరే, ఎడమకు వేరే. గట్ల రాస్తే నిమిషం పాట 10 ఎంబీ తింటది. జర్మనీల ఫ్రాన్‌హోఫర్ అనే సంస్థోళ్లు మనిషి చెవికి ఏది అందదో పట్టుకున్నరు. డప్పు గట్టిగ మోగినప్పుడు దాంతోపాటు సన్నగ మోగిన గజ్జె మనకు వినరాదు కద, అసుంటిదంత తీసిపారేసిన్రు. 1995ల ఆ ఫైళ్లకు ఎంపీత్రీ అని తోక పెట్టిన్రు. 10 ఎంబీ ఉండేది ఒక్క ఎంబీ కాడికి దిగింది. పది పన్నెండు పాటలు పట్టే సీడీల దగ్గర దగ్గర 150 పట్టినయి. సెకనుకు 128 కిలోబిట్ల కంటే కిందికి కుదిస్తే తాళాల మోత నీళ్లల్ల మునిగినట్టు వినవడేది. కొందరు జాగ కలిసొస్తదని 64కు కుదిచ్చి 300 పాటల సీడీ అని అమ్మిన్రు. కొనెటోడు లెక్కే చూసేది గని మోత చూడకపోయేది.

ఒకనాడు ఒక సారు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చిండు. ఇంట్ల కొత్త కంప్యూటర్ కొన్నడట. 'సీడీ పెట్టి కాపీ కొడితే 12 పాటలు రెప్పపాటుల ఎక్కినయి, మోగమంటే మోగుతలేవు' అంటడు. తెరిచి చూస్తే అన్నీ సీడీఏ ఫైళ్లు, ఒక్కోటి 44 బైట్లు. ఎంబీలు కాదురా, బైట్లు! 'సారూ, పాట సీడీలనే ఉన్నది, ఇది పాట ఏడ మొదలైతదో చెప్పే గుర్తు మాత్రమే' అన్న. ఆయనకు నమ్మకం కుదరలే. పేరు కనవడుతుంటే పాట లేదంటే ఎవలు నమ్ముతరు? అసలు పాట బయటికి రావాలంటే సాఫ్ట్‌వేర్ పెట్టి సీడీని చదివించి ఎంపీత్రీ చెయ్యాలె. అది చూసినంక గని సారు ఒప్పుకోలే.

గని అసలు తిప్పలు ఆడికెల్లే మొదలు. మామూలు ఆడియో సీడీల పాటల పేర్లు ఉండనే ఉండయి. పేర్లు అట్ట మీద ఉంటయి, లోపల ఉండయి. ఇంటర్నెట్ ఉంటే కంప్యూటర్ ఎక్కడికెల్లో వెతికి తెచ్చేది, మన తెలుగు సీడీలకు అది సగం సార్లు దొరకకపోయేది. అప్పుడు ఏమైతది? ట్రాక్ 01, ట్రాక్ 02. రెండో సీడీ తీస్తే మళ్ల ట్రాక్ 01. రెండిటినీ ఒక్కతాన పెట్టబోతే, పాతదాని మీద రాయాల్నా అని కంప్యూటర్ అడుగుతది. దుకాణంల పనికొచ్చే పోరగాండ్లు చదవకుండ అన్నిటికీ 'ఎస్' కొట్టేటోళ్లు. ఒక్క నొక్కుడుకు ఘంటసాల పోయి ఆయన జాగల ఇంకెవలో కూసునేది.

అందుకే నేను పేర్ల మీద పడ్డ. సినిమా పేరు, ఏడాది, దాని తర్వాత వరుస నంబరు, పాట మొదటి మాటలు, పాడినోళ్లు. నంబరు 1 కాదు, 01. ఒట్టి 1 పెడితే కొన్ని ప్లేయర్లు 1 తర్వాత 10 పాడుతయి, 2 ఎక్కడో వెనక వస్తది. ఫోల్డర్లు హీరో పేరున పెట్టాల్నా, సంగీతం పేరున పెట్టాల్నా అన్నది పెద్ద పంచాయితి. గిరాకోడు చిరంజీవి పాటలు కావాలంటడు, ఇంకోడు ఇళయరాజా కావాలంటడు, పాట అదే ఉంటది. రెండు తావుల కాపీ పెడితే హార్డ్‌డిస్క్ నిండుతది, ఉన్నదే 40 జీబీ. ఫైలును ఒక్కతాన ఉంచి, ప్లేలిస్టులు రాసేది. ప్లేలిస్టు అంటే పాట కాదు, ఫలానా పాట ఫలానా ఫోల్డర్ల ఉంది అన్న చిరునామా కాయితం. ఫోల్డర్ జరిపితే కాయితం ఉత్తదే.

పైపేరు మార్చినంత మాత్రాన అయిపోదు. ఎంపీత్రీకి లోపల ఇంకో పేరు ఉంటది, ట్యాగ్ అంటరు. పాత పద్ధతిల అది ఫైలు తోకన 128 బైట్ల జాగ, పాట పేరుకు అండ్ల 30 అక్షరాలే. ఎవలో వెబ్‌సైటోళ్లు పాట ఎక్కించి, పాడినోళ్ల పేరు ఉండాల్సిన కాడ వాళ్ల సైటు పేరు కొట్టిపెట్టేటోళ్లు. కారుల సుశీలమ్మ పాడుతుంటే తెర మీద ఆ సైటు పేరు తిరిగేది. పాటకు పైసలు పోకపాయె, ఆఖరికి పేరు గూడ పాయె. ఊరూర ఉన్న దుకాణాలన్నీ గా నకలు పాటల మీదనే బతికినయి, అప్పుడప్పుడు పోలీసులొచ్చి కంప్యూటర్లు ఎత్తుకపోయెటోళ్లు. దాన్ని నేను సమర్థిస్త లేను.

వినాయక చవితి ముచ్చట చెప్పాలె. ఒక మండపం పోరగాండ్లు వాళ్లే పెన్‌డ్రైవ్ నింపుకున్నరు. పొద్దుగాల పూజకు అయ్యగారు కూసున్నడు, ముసలోళ్లంత దండాలు పెట్టుకొని నిలవడ్డరు, బటన్ నొక్కంగనే ఐటమ్ సాంగు! దేవుని పాటకు 01 అని నంబరిచ్చినమే అని ఉరుక్కుంట నా దగ్గరికొచ్చిన్రు. ఆ చవక ప్లేయర్లు పేరు చూడయి, ఏ ఫైలు ముందు కాపీ అయితే దాన్నే ముందు పాడుతయి. నిమజ్జనం డ్యాన్సు పాటలు రాత్రే ఎక్కిచ్చి, దేవుని పాటలు తెల్లారి ఎక్కిచ్చిన్రు. పెన్‌డ్రైవ్ మొత్తం చెరిపి, మొదలు గణపతి పాట, తర్వాత మిగిలినయి వరుసబెట్టి ఎక్కిచ్చి ఇచ్చిన.

అటెనుక మెమరీ కార్డుల కాలం. గోరంత కార్డు, 2 జీబీ. కూరగాయల సంచి భుజానికేసుకొని ఆడోళ్లు గూడ వచ్చి ఫోనిచ్చి, 'బస్సొచ్చేలోపు ఎక్కియ్యి అన్నా' అనేటోళ్లు. పాత యూఎస్‌బీ రంధ్రంల పెడితే బస్సు పోయేది. యూఎస్‌బీ 2.0 ఉన్న డబ్బా కొన్నంకనే పని సాగింది. కార్డుల వెంబడి రోగాలు గూడ వచ్చేటియి. ఫోల్డర్ బొమ్మే పెట్టుకొని ఉంటది, నొక్కితే వైరసు. అసలు ఫోల్డర్లు మాయమైతయి. పాటలు పోయినయని జనం ఏడ్చేటోళ్లు, నిజానికి అవి దాగి ఉంటయి. నల్లతెర తెరిచి ఒక్క ఆజ్ఞ కొడితే బయటికొచ్చేటియి. దానికి నేను పైసలు తీస్కోలే.

ఇష్టంగ చేసిన పని మాత్రం పాత క్యాసెట్లది. ఒకాయన వాళ్ల నాయిన చెప్పిన మల్లన్న ఒగ్గుకథ తెచ్చిండు, జాతరల ఎవలో టేప్‌రికార్డర్ పెట్టి పట్టింది. ముందుగాల టేపు డెక్కు హెడ్డును స్పిరిట్ల ముంచిన దూదితోటి తుడిచిన. హెడ్డు పక్కన ఒక చిన్న మర ఉంటది, సన్నటి స్క్రూడ్రైవర్‌తోటి ఇసుమంత తిప్పుకుంట వినాలె. ఒక్క తావున డోలు మోత మీది మబ్బు విడిచి, తాళం టంగుమని తేటగ వస్తది. ఆడ ఆగాలె. వైరు కంప్యూటర్ లైన్-ఇన్‌ల పెట్టి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ల సూది ఎర్రదాన్ని తాకకుండ చూసుకుంట గంట టేపును గంటసేపు ఎక్కిచ్చిన. కుదించకుండ వేవ్ ఫైలుగ దాచిన, వినడానికి ఎంపీత్రీ వేరేగ చేసిన. నడుమ కుక్క మొరుగుతది. తియ్యాల్నా అని అడిగితే, 'వద్దన్నా, అది మా కుక్కే' అన్నడు. ఫైలు పేరు మీద కథ, చెప్పినాయన పేరు, ఊరు, జాతర, అన్నీ రాసిన. అది మూడు తావుల ఉంది: నా హార్డ్‌డిస్క్‌ల, మీ అత్తమ్మ ఇంట్ల ఉన్న దాంట్ల, వాళ్ల ఇంట్ల.

ఇగ నీ సంగతికొద్దాం. పోయిన ఏడు మీ నాయనమ్మ పాడిన బతుకమ్మ పాట వాట్సాప్‌ల వచ్చిందంటివి కద. తీసి చూడు, దాని పేరేముందో. ఏయూడీ అని ఉంటది, దాని పక్కన తారీఖు, దాని పక్కన డబ్ల్యూఏ, నాలుగంకెలు. నా ట్రాక్ 01కు తమ్ముడే అది. పాడింది ఎవలో అండ్ల ఉందా? లేదు. రేపు పొద్దుగాల కేబుల్ తీస్కొని రా, ముందు పేరు రాద్దాం, తర్వాత కాపీ కొడదాం. పెద్దక్షరాలల్ల రాయి, నాకు అద్దాలు లేకుంట గూడ కనవడాలె.